సిఫారసు కమీషను: వర్తకుని బాధ్యత

సరుకు మంచిదైనంత మాత్రమున అమ్ముడుపోదు. దాని మంచిని నలుగురికి చెప్పువారు కావలెను. పూర్వము ఈ పనిని దళారులు, మండీ కమీషను ఏజెంట్లు చేసెడివారు. కృష్ణగిరి ప్రాంతపు మామిడికాయ విషయములో నేటికిని మండీవారి మాటకు విలువ కలదు. ఇప్పుడు అదే పని చేతిలోని ఫోను ద్వారా కూడ జరుగుచున్నది. వర్తకుడు తన సరుకునకు ఒక లింకు తయారు చేసి, ఇష్టమైనవారికి ఇచ్చును. వారు దానిని తమ బంధుమిత్రులకు పంపుదురు. ఆ లింకు ద్వారా ఎవరైన కొన్నచో, పంపినవారికి నూటికింత అని కమీషను ముట్టును. దీనినే అఫిలియేట్ ప్రోగ్రాం అందురు. అమెరికాలో అమెజాన్ సంస్థ 1996లో దీనిని చేపట్టిన పిదప ఇది లోకమంతట వ్యాపించినది. నేడు చిన్న అంగడివాడు సైతము తన సొంత సరుకునకు ఇట్టి ఏర్పాటు చేసికొనగలడు.

పాత దళాలికిని దీనికిని ఒక ముఖ్యమైన భేదమున్నది. మండీలో నిలబడిన దళారి కమీషను తీసికొనునని కొనువానికి ముందే తెలియును. కనుక అతని పొగడ్తను కొంత తగ్గించియే వినును. ఫోనులో వచ్చిన మాట అట్లు కాదు. అది స్నేహితుని మాటవలె, పినతల్లి సలహావలె కనబడును. కొనువాడు మారుమాట లేక నమ్మును. ఈ నమ్మకమును వర్తకుడు కమీషనిచ్చి వాడుకొనుచున్నాడు. ధర్మవిచారము ఇక్కడనే ఆరంభమగును.

చెప్పించిన మాట ఎవరిది?

“ఏజెంటు ఏదో చెప్పినాడు, దానికి సేటు ఏమి చేయును?” అని కొందరు తప్పుకొనజూతురు. ఈ సమాధానము శాస్త్రమునకును నిలువదు, చట్టమునకును నిలువదు.

ఉమాస్వాతి ఆచార్యుని తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయములో కర్మాస్రవమునకు కారణములు చెప్పబడినవి. తాను చేయుట కృతము, ఇతరులచే చేయించుట కారితము, చేసినదానికి సమ్మతించుట అనుమతము. ఈ మూడింటిని మనోవాక్కాయములు మూడింటితోను, సంకల్పము, సన్నాహము, ఆరంభము అను మూడు దశలతోను, నాలుగు కషాయములతోను గుణించినచో 108 భేదములగును. అందు చేయించినవానికి మినహాయింపు లేదు. ఏడవ అధ్యాయములో సత్యాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో మిథ్యోపదేశము, కూటలేఖక్రియ అనునవి కలవు. వాడని సరుకును వాడితినని వ్రాయించుట కూటలేఖ కాక మరేమి?

చట్టము మాటయు ఇట్టిదే. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 238వ సెక్షను ప్రకారము, ఏజెంటు తన పని జరుపుచు యజమాని కొరకు చెప్పిన అబద్ధము ఆ ఒప్పందము విషయములో యజమాని చెప్పిన అబద్ధముతో సమానము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, తప్పుదారి పట్టించు ప్రకటనకు ఉత్పత్తిదారునిపై మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. 2022 జూనులో వెలువడిన కేంద్ర మార్గదర్శకముల ప్రకారము, సిఫారసు చేయువానికి వర్తకునితో డబ్బు సంబంధమున్నచో దానిని స్పష్టముగా తెలుపవలెను.

గిటారు పాఠముల వ్యవహారము

ఈ బాధ్యత ఎంతవరకు పోవునో తెలియుటకు అమెరికాలో 2011లో తేలిన ఒక వ్యవహారము చాలును. లెగసీ లెర్నింగ్ సిస్టమ్స్ అను సంస్థ గిటారు నేర్పు పాఠముల డిస్కులను అఫిలియేట్ల ద్వారా అమ్మెడిది. వారిలో కొందరు కమీషను సంగతి దాచి, తాము సామాన్య వాడుకదారులమైనట్లు పొగడ్తలు వ్రాసిరి. ఈ మార్గమున 50 లక్షల డాలర్లకు మించిన అమ్మకము జరిగినదని అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించినది. వ్రాసినవారు ఇతరులైనను, ప్రశ్న వచ్చినది సరుకు యజమానికే. సంస్థ రెండున్నర లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. అంతేకాదు, ఎక్కువ అమ్మకము తెచ్చు 50 మంది అఫిలియేట్లు కమీషను సంగతి చెప్పుచున్నారో లేదో నెలనెలా పరిశీలించి నివేదించవలసి వచ్చెను.

కందిపొడి ఉదాహరణము

ఇప్పుడు ఇంటి దగ్గరి ఉదాహరణము చూతము. కెలవరపల్లి దగ్గర ఒక కుటుంబము కందిపొడి తయారు చేసి హోసూరులోను, 40 కిలోమీటర్ల దూరములోని బెంగుళూరులోను అమ్ముచున్నదనుకొందము. పొడిలో వెల్లుల్లి వేయరు. కాని అదే యంత్రములో వేరొక రోజు వెల్లుల్లి కారము దంచుదురు. పొట్లముపై “వెల్లుల్లి వేయలేదు” అని వ్రాసినది నిజమే. లింకు పంపువాడు ఉత్సాహముతో “వెల్లుల్లి సోకనిది, వ్రతములలో ఉన్నవారు నిస్సంకోచముగా వాడవచ్చును” అని చేర్చును. ఆ ఒక్క మాటతో పొట్లములు నూరు ఎక్కువ పోవును. ఒక వృద్ధురాలు ఆ మాట నమ్మి భుజించును. ఆమె ఎరుగకయే ఆమె నియమమునకు భంగము కలిగినది. డబ్బు తిరిగి ఇచ్చినంత మాత్రమున ఆ నష్టము తీరదు.

కెలవరపల్లి ఆనకట్ట తలుపుల వద్ద తెల్లని నురుగు గుట్టలుగా లేచుట ఈ ప్రాంతమువారు పలు పర్యాయములు చూచినదే. ఆ మురికి ఇక్కడ పుట్టినది కాదు, బెంగుళూరు వైపు నుండి దక్షిణ పినాకినిలో కలిసి వచ్చినది. వదలినవారికి నురుగు కనబడదు. సిఫారసు పద్ధతి పెట్టిన వర్తకుడు ఏటికి ఎగువన ఉన్నవాడు. తన గుమ్మము ముందు నీరు తేటగా నున్నదని సంతోషించిన చాలదు.

కనుక ఏజెంటునకు లింకు ఇచ్చుటకు ముందు సరుకు ఇచ్చి వాడించవలెను. చెప్పదగిన మాటలు, చెప్పరాని మాటలు రెండును ఒక కాగితముపై వ్రాసి ఇవ్వవలెను. యంత్రము సంగతి దాచక అందులో చేర్చవలెను. “మధుమేహము తగ్గును” వంటి మాటలు చెప్పరాదు. 1954 నాటి మాంత్రికౌషధ ప్రకటనల చట్టములో మధుమేహమును పేర్కొనియే నిషేధించిరి. “ఈ లింకు ద్వారా కొన్నచో నాకు కమీషను వచ్చును” అను వాక్యము సిఫారసు మొదటనే ఉండవలెను, అడుగున చిన్న అక్షరములలో కాదు.

కమీషను ఎంత?

పన్నులు పోను పొట్లము వెల 150 రూపాయలనుకొందము. సరుకు, కూలి 85. పొట్లము కట్టుట, కొరియరు 35. మిగులు 30. నూటికి 10 చొప్పున కమీషను 15 రూపాయలు పోను వర్తకునికి 15 మిగులును. ఆశపెట్టి నూటికి 20 ఇచ్చినచో మిగులు సున్న. అప్పుడు పప్పు నాణ్యము తగ్గవలెను, లేదా వెల పెరగవలెను. రెండును కొనువాని నెత్తిపైననే పడును. అధిక కమీషను ఏజెంటు నాలుకను కూడ పాడుచేయును. లింకు ద్వారా వచ్చినవానికిని, నేరుగా అంగడికి వచ్చినవానికిని వెల ఒక్కటిగా నుండవలెను.

కమీషను అమ్మకము మీద మాత్రమే ఇవ్వవలెను, మనుష్యులను చేర్చినందుకు ఇవ్వరాదు. చేరుటకు రుసుము తీసికొని, ఒకని క్రింద మరియొకని చేర్చి, ఆ గొలుసుపై డబ్బు పంచు పథకములను 1978 నాటి చట్టము నిషేధించినది. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే సంస్థ పద్ధతిని ఆ చట్టము దృష్టితో పరిశీలించి, ఆ సంస్థ వేసిన రిట్టును కొట్టివేసెను. 2021 డిసెంబరు నాటి డైరెక్ట్ సెల్లింగ్ నియమములును పిరమిడ్ పథకములను నిషేధించుచున్నవి.

లెక్కలో చౌర్యము

లింకు తాకినప్పుడు కొనువాని యంత్రములో ఒక గుర్తు పడును. దానిని బట్టియే కమీషను ఎవరిదో తేలును. షాన్ హోగన్ అను అమెరికా వర్తకుడు, ఎవరును లింకు తాకకున్నను ఈ గుర్తులు రహస్యముగా పడునట్లు చేసి, తాను పంపని గిరాకీలపై ఈబే సంస్థ నుండి కమీషను గుంజెను. 2014లో అతనికి 5 నెలల జైలుశిక్ష పడినది.

వర్తకుని చౌర్యము దీనికి తీసిపోదు. ఏజెంటు తెచ్చిన గిరాకీని సొంత గిరాకీగా వ్రాసికొనుట, బాగుగా సంపాదించువాని కమీషనును కారణము లేక తగ్గించుట, చెల్లింపు నెల తరువాత నెల వాయిదా వేయుట అస్తేయవ్రతమునకు విరుద్ధములు. లెక్క ఏజెంటునకు ఎప్పుడును కనబడునట్లు ఉండవలెను. నెలలో 40 పొట్లములు అమ్ముడై, గడువులోగా 3 తిరిగి వచ్చినచో, 37 పొట్లములకు 15 చొప్పున 555 రూపాయలు చెప్పిన తేదీన ముట్టవలెను. షరతులు మార్చదలచినచో ముందుగా తెలిపి, జరిగిన అమ్మకములకు పాత షరతులనే పాటించవలెను.

అబద్ధము బయటపడినప్పుడు

ఎంత జాగ్రత్త పడినను ఒకడు తప్పు చెప్పవచ్చును. అప్పుడు చాలమంది వర్తకులు ఏజెంటును తొలగించి, అతని కమీషను ఆపి, అంతటితో చేతులు కడుగుకొందురు. తప్పు చేసిన ఏజెంటు ఆ పనికి ప్రతిఫలము కోరరాదని ఒప్పందముల చట్టము 220వ సెక్షనులో కలదు. నిజమే. కాని ఆ అమ్మకములపై వచ్చిన లాభము ఎవరి పెట్టెలో నున్నది? అబద్ధమును ఖండించి, దాని ఫలమును మాత్రము అట్టిపెట్టుకొనుట అనుమతమే యగును.

కందిపొడి వర్తకుడు చేయవలసినది వేరు. ఆ లింకు ద్వారా కొన్న ప్రతివారికి “ఏజెంటు చెప్పినది సరి కాదు, యంత్రము ఉమ్మడిది, ఇష్టము లేనిచో సరుకు వాపసు చేసి పూర్తి వెల తీసికొనుడు” అని వ్రాయవలెను. కొంత నష్టము తప్పదు. కొందరు గిరాకీలు పోవచ్చును. వీలైనచో వేరొక యంత్రము కొనవలెను. అప్పుడు ఏజెంటు చెప్పిన మాటయే నిజమగును. అంతవరకు ఆ మాటను ఎవరిచేతను చెప్పింపరాదు.

ఇతరుల నోట తన సరుకు పేరు పలికించు ప్రతి వర్తకుడును నెలకొకసారి కూర్చుండి, ఎక్కువ అమ్మకము తెచ్చు ఏజెంట్ల మాటలను తానే చదువవలెను. చదువుచు ఒక్కటే ప్రశ్న వేసికొనవలెను: ఈ మాటను గద్దెపై కూర్చుండి, ఎదుటనున్న గిరాకీతో తానే చెప్పగలడా? చెప్పలేనిచో దానికి కమీషను ఇవ్వరాదు.