తునుక చూచి విమానమును పోల్చుట



మన బాగేపల్లి బస్సు నిలయమున నిలుచునప్పుడు మీరు తెలియకయే యొక విద్యను సాధన చేయుచున్నారు. ఇచ్చటికి తెలుగు పలకల బస్సులును, కన్నడ పలకల బస్సులును వచ్చును. పలక దుమ్ము పట్టి, అక్షరముల పైభాగము మాత్రమే కనుపించినను, అది ఏ లిపియో మీరు చెప్పగలరు. మన తలకట్టు క్రిందికి దిగి, వంపు తిరిగి, పైకి లేచును. కన్నడపు తలకట్టు అడ్డముగా సాగును. ఆ చిన్న గుర్తే చాలును. అయితే ఆ బస్సు ఏ యూరికి పోవునో మాత్రము చెప్పలేరు. అందులకు అక్షరముల క్రింది భాగము కూడ కావలెను.

విమానములను ఇట్లే పోల్చువారు కలరు. బెంగుళూరు పోవు దారిలో దేవనహళ్ళి యొద్ద 2008లో ప్రారంభమైన విమానాశ్రయమును మీలో చాలమంది చూచియుందురు. యలహంక వైమానిక స్థావరమున 1996 మొదలు ‘ఏరో ఇండియా’ ప్రదర్శనములు జరుగుచు వచ్చినవి. ఇట్టి చోట్ల కెమెరాలతో కాచుకొనియుండు విమానప్రియులకు ఒక వినోదము కలదు. ఒకరు ఛాయాచిత్రమునుండి చిన్న తునుకను, తోక కొననో, కిటికీనో, చక్రమునో, కత్తిరించి చూపుదురు. తక్కినవారు ఆ విమానమేదో చెప్పవలెను. పేరు చెప్పినంత మాత్రమున చాలదు. ఏ గుర్తు వలన చెప్పిరో దానిని కూడ తెలుపవలెను.

చూడవలసిన గుర్తులు

మొదట రెక్క ఎచ్చట అతుకబడినదో చూడుడు. రెక్క శరీరమునకు పైని ఉండి, దానికి తిరుగు పంకాలు గల ఇంజనులు రెండున్నచో, అది ఏ.టి.ఆర్. 72 కావచ్చును. డాష్ 8 అను విమానము కూడ అట్లే యుండును. అప్పుడు చక్రములను చూడవలెను. ఏ.టి.ఆర్. చక్రములు పొట్ట ప్రక్కల ఉబ్బులలోనుండి దిగును. డాష్ 8 యొక్క ప్రధాన చక్రములు పొడవైన కాళ్ళతో ఇంజనుల క్రిందినుండి దిగును.

మన ఆకాశమున ఎక్కువగా పోవు ఎయిర్‌బస్ ఎ-320, బోయింగ్ 737 విమానములు దూరమునుండి కవల పిల్లలవలె నుండును. రెంటికిని రెక్కలు క్రిందనే; రెక్కకొక్క ఇంజను. కాని 737 యొక్క నిలువు తోక మొదట, ముందువైపునకు మెట్టువలె సాగిన ఒక మూల కనుపించును. ఎ-320 తోక అట్టి మెట్టు లేక తిన్నగా లేచును. 737 ఎగురునప్పుడు క్రిందినుండి చూచినచో, ముడిచిన ప్రధాన చక్రములు పొట్టకు రెండు నల్లని బిళ్ళలవలె అగపడును. ఎ-320 చక్రములను తలుపులు పూర్తిగా మూసివేయును.

ఎంతవరకు చెప్పవచ్చును?

ఒక చిత్రమున ఎయిర్‌బస్ ముక్కు మాత్రమే ఉన్నదనుకొనుడు. చోదకుని ప్రక్కకిటికీలలో చివరిదాని పై మూల కోసినట్లున్నది. “ఇది ఎ-320” అని వెంటనే చేయి ఎత్తిన బాలునకు నేను పూర్తి మార్కులు ఇయ్యను. ఎ-319, ఎ-320, ఎ-321 అను తోబుట్టువులకు ముక్కు ఒక్కటే. వానిని వేరుపరచుటకు శరీరపు పొడవును, ద్వారముల అమరికయు తెలియవలెను. “ఇది ఆ కుటుంబములోనిది, ఇంతకు మించి ఈ తునుక చెప్పదు” అన్న బాలికయే సరిగా చెప్పినది.

ఒక నిజమైన ఉదాహరణము

ఈ నిగ్రహము ఆటకు మాత్రమే కాదు. 2014 మార్చి 8వ తేదీన కౌలాలంపూరునుండి బీజింగునకు బయలుదేరిన మలేషియా విమానము, ఒక బోయింగ్ 777, 239 మందితో అదృశ్యమయ్యెను. వారిలో ఐదుగురు భారతీయులు. 2015 జూలై 29న హిందూ మహాసముద్రములోని రియూనియన్ ద్వీపపు ఒడ్డున ఒక పలక దొరికెను. దాని ఛాయాచిత్రములు లోకమంతట వ్యాపించెను. ఆ వంపును చూచిన నిపుణులు, అది 777 రెక్క వెనుక అంచున కదలు ‘ఫ్లాపెరాన్’ అను భాగమువలె నున్నదనిరి. దానిపై ‘657 బి.బి.’ అను గుర్తు కూడ ఉండెను. అది 777 కుడిరెక్క ఫ్లాపెరాన్‌కు చెందిన గుర్తు. ఆ సముద్రమున మాయమైన 777 మరియొకటి లేదు.

అయినను ఇది జాతిని తెలుపు గుర్తే గాని వ్యక్తిని తెలుపు గుర్తు కాదు. ఆగస్టు మొదటి వారమున మలేషియా ప్రధానమంత్రి, అది ఆ విమానపుదే యని ప్రకటించెను. ఫ్రాన్సు దర్యాప్తు అధికారి మాత్రము, బలమైన ఊహ కలదని మాత్రమే చెప్పెను. తమవారి కొరకు పదునేడు నెలలు ఎదురు చూచిన కుటుంబములు ఏ మాటను నమ్మవలెనో తెలియక కలత చెందెను. పలక లోపలి సంఖ్యలలో ఒకటి స్పెయిను దేశపు కర్మాగారపు లెక్కలతో సరిపోయిన పిదప, సెప్టెంబరు 3న, అది ఆ విమానపుదేయని ఫ్రాన్సు నిశ్చయముగా ప్రకటించెను.

మూడు మాటలు

మన భాషలో ఇట్టి సందర్భములకు మూడు మాటలు సిద్ధముగా నున్నవి: ‘కావచ్చును’, ‘అయియుండవలెను’, ‘అగును’. ఒక్క గుర్తు కలిసినప్పుడు మొదటి మాట. పెక్కు గుర్తులు కలిసి, ఎదురు గుర్తు ఒక్కటియు లేనప్పుడు రెండవ మాట. ఇతరములన్నియు తొలగిపోయి, సంశయమునకు తావు లేనప్పుడే మూడవ మాట. మొదటి మాట చెప్పవలసినచోట మూడవది చెప్పుట వ్యాకరణ దోషము కాదు. అంతకంటె పెద్ద దోషము. ఆ మాటను నమ్మి కన్నీరు తుడుచుకొనువారు కొందరుందురు, మరల కన్నీరు పెట్టువారును కొందరుందురు.

అభ్యాసము

1. ఎగురుచున్న విమానపు పొట్ట మాత్రమే చిత్రమున ఉన్నది. రెండు చక్రములు నల్లగా అగపడుచున్నవి. పై మూడు మాటలలో ఏది వాడుదురు? ఎందుకు?

2. మీ యింటి పాత ఛాయాచిత్రమొకదానిని మీ తల్లిదండ్రులు సగము కప్పి చూపగా, అది ఎచ్చట తీయబడినదో గుర్తులతో సహా వ్రాయుడు. పిదప కాగితము తొలగించి చూచుకొనుడు.

3. 1961లో బెంగుళూరున తొలిసారి ఎగిరిన ‘మారుత్’ యుద్ధవిమానము అచ్చటి హెచ్.ఏ.ఎల్. ప్రదర్శనశాలలో కలదు. చూచు అవకాశము కలిగినప్పుడు దాని తోకను మాత్రము బొమ్మ వేసి తెచ్చి, తోటివారిని ప్రశ్నింపుడు.