దివిసీమ పాత లోగిలి: ఏది ఎందుకు కట్టారు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రైతు ఇల్లు కట్టడం మరీ కష్టం. ఆ ఇంట్లో మనుషులతోపాటు ధాన్యానికి, విత్తనానికి, గొడ్డూగోదాకు, గడ్డికి కూడా చోటు ఉండాలి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి, చల్లపల్లి ప్రాంతాల్లో పాత పెంకుటిళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. వాటిని పడగొట్టి డాబా వేసుకునే ముందు ఏ భాగం ఎందుకు కట్టారో ఒకసారి పరిశీలిస్తే సన్నకారు రైతుకు కూడా పనికొచ్చే సంగతులు దొరుకుతాయి.

కాలవ వెంట పెంకుటిల్లు

దివిసీమ కృష్ణ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న పల్లపు నేల. వరద, తుపాను గాలి, ఉప్పునీరు ఇక్కడి రైతుకు కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరు ప్రాంతాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు.

విజయవాడ దగ్గర 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. డెల్టాలో మాగాణి పెరిగింది. దివికి కాలవ నీరు ఆ తర్వాత చాలా ఏళ్లకు, పులిగడ్డ అక్విడక్టు మీదుగా నది పాయ దాటి వచ్చింది. గింజలు ఎక్కువయ్యేసరికి దాచుకునే చోటు కావలసివచ్చింది. కలిగిన రైతులు తాటాకు కప్పు తీసి నాటు పెంకు, తర్వాత బెంగళూరు పెంకు వేశారు. మనవాళ్లు బెంగళూరు పెంకు అనే ఈ రకానికి పేరు తెచ్చింది నిజానికి మంగుళూరు. అక్కడ బాసెల్ మిషన్ వారు 1865లో పెంకుల కర్మాగారం పెట్టారు.

మెరక, అరుగు

పాత ఇంట్లోకి మెట్లెక్కి పోవాలి. చెరువు తవ్విన మట్టితో స్థలాన్ని మెరక చేసి, దాని మీద ఎత్తుగా పునాది లేపేవారు. ఇక్కడ భూమిలో నీరు చాలాచోట్ల ఉప్పన. అందుకే చెరువులోకి కాలవ నీరు పెట్టుకునేవారు. అలా ఒక్క తవ్వకంతో రెండు పనులు జరిగేవి. పునాది ఎత్తు లేకపోతే చౌడు గోడకెక్కి సున్నం పెచ్చులుగా ఊడుతుంది. వీధి అరుగు కబుర్లకే కాదు, బస్తాలు దించుకోవటానికీ, చటుక్కున వానొస్తే ఆరబోసిన గింజ లోపలికి లాక్కోవటానికీ పనికొచ్చేది.

మండువా

నాలుగు పక్కలా గదులు, నడుమ ఆకాశం కనబడే ఖాళీ. పైకప్పు లోపలికి వాలి ఉంటుంది. వాన నీరు నడిమి గుంటలో పడి తూము గుండా బయటికి పోతుంది. ఇంటి మధ్యకే గాలి, వెలుతురు వస్తాయి. విత్తనం, అపరాలు, మిరపకాయలు కళ్లెదుటే ఆరబెట్టుకోవచ్చు. లోపం కూడా లేకపోలేదు. తూము పూడితే నీరు ఇంట్లోకి ఎగదన్నుతుంది. వాలులు కలిసే మూలల్లో పెంకు జరిగితే కారుతుంది. ఏటా తొలకరికి ముందు పెంకు తిరగవేయించక తప్పదు.

పురి, గుమ్మి, గాదె

మెట్ట ప్రాంతాల్లో ధాన్యం పాతరలో వేస్తారు. మన నేలలో కొద్దిగా తవ్వితేనే చెమ్మ ఊరుతుంది కాబట్టి నిల్వంతా నేల పైనే. అడుగున గడ్డి పరిచి, లావుపాటి గడ్డి మోకును చుట్లు చుట్లుగా వేస్తూ, నడుమ ధాన్యం పోస్తూ పురి కట్టేవారు. గడ్డి సందుల్లోంచి గాలి ఆడుతుంది. వెదురు గుమ్మికి పేడా మట్టీ కలిపి అలికేవారు. ఇంటి లోపల కొయ్య గాదె ఉండేది.

ఎలుక బెడద అన్ని దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండులో పాత రైతులు ధాన్యపు కొట్టును పుట్టగొడుగు ఆకారం రాళ్ల మీద నిలబెట్టేవారు. ఎలుక రాయి ఎక్కినా పైనున్న గొడుగు దాటలేదు. మన గుమ్మి బల్ల కాళ్లకు బోర్లించిన రేకు గరాటు తొడిగితే అదే పని చేస్తుంది.

అందరికీ లోగిలి లేదు

ఈ లోగిళ్లు మోతుబరుల ఇళ్లు. కూలీ, కౌలుదారు, చిన్న రైతు చాలావరకు పల్లంలో పూరిపాకల్లోనే బతికారు. 1977 నవంబరు 19న సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చినప్పుడు ఎక్కువగా పోయింది వాళ్లే. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది వరకు చనిపోయారు.

పేదవాడి ఇంట్లోనూ తెలివి లేకపోలేదు. కోస్తా తీరంలో కట్టే చుట్టిల్లుకు గుండ్రని మట్టి గోడ, నేలకు దగ్గరగా దిగిన చూరు ఉంటాయి. గాలికి చిక్కే మూల ఉండదు. కానీ అది గాలిని తట్టుకుంటుందే తప్ప నీటిని తట్టుకోలేదు. ఉప్పెన వచ్చే చోట ముందుగా ఇల్లు విడిచి తుపాను షెల్టరుకు చేరటమే రక్ష. 1990 మే 9న పెద్ద తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించటం వల్ల మృతులు వెయ్యి లోపే ఉన్నారు.

ఇప్పుడు ఇల్లు కట్టే రైతుకు

* నేల మట్టం మీ ఊళ్లో పెద్దలకు గుర్తున్న వరద మట్టం కన్నా పైన ఉండాలి.
* డాబాకు మెట్లు తప్పక కట్టించుకోవాలి. గింజ ఆరబెట్టటానికీ, నీరొస్తే ఎక్కటానికీ అవే దారి.
* పెంకు, రేకు కప్పులకు రెండు వాలుల కన్నా నాలుగు వాలులు గాలికి బాగా ఆగుతాయి. వాసాలను, దూలాలను గోడకు ఇనుప పట్టీలతో బిగించాలి. చూరు మరీ బయటికి రాకూడదు.
* ఒక గది మూల ధాన్యానికి కేటాయించండి. బస్తాలు చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చాలి.
* గడ్డివాము ఇంటికి, సావిడికి దూరంగా మెరక మీద వెయ్యాలి. నిప్పు అంటుకుంటే ఇల్లయినా దక్కుతుంది.
* తుపానులో గాలి హఠాత్తుగా ఆగితే బయటికి రావద్దు. తుపాను కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

మిషను కోతతో గింజ పచ్చిగా వస్తోంది. ఆరబెట్టే చోటు, దాచే చోటు లేక కల్లంలోనే వచ్చిన ధరకు ఇచ్చేస్తున్నాం. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. ఇంట్లో నిల్వకు 14 శాతం లోపు, విత్తనానికి 13 శాతం లోపు ఉండాలి. పది బస్తాలు పొడిగా దాచుకోగలిగిన రైతు, ధర నచ్చకపోతే బేరగాడితో "రేపు రావయ్యా" అనగలడు. పాత లోగిలి మోతుబరికి ఇచ్చిన బలం అదే. మండువా కట్టుకోలేకపోయినా, కొత్త ఇంట్లో గింజకు ఒక మూల పెట్టుకుంటే చిన్న రైతుకూ ఆ బలం వస్తుంది.