వెయ్యిమందికి భద్రతా శిక్షణ - ఒక లెక్క



నేను కామర్సు చదివి, హోసూరులో బ్యాంకు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. యంత్రాల గురించి నాకు తెలిసింది తక్కువ. అయితే పెద్ద ఫ్యాక్టరీలో భద్రతా శిక్షణ అనేది సగం లెక్కల పనే. ఆ సగం చెబుతాను.

చట్టం: 1984 భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, భద్రతా శిక్షణను కార్మికుని హక్కుగా చేర్చారు. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం 500 మంది, ప్రమాదకర ప్రక్రియలుంటే 250 మంది పనిచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు ఉండాలి.

లెక్క: ఒక ఫ్యాక్టరీలో 1,200 మంది ఉన్నారనుకుందాం. బ్యాచికి 30 మంది చొప్పున 40 బ్యాచీలు. రోజుకొక బ్యాచి అయితే 40 పనిదినాలు. పదిశాతం మంది సెలవులో ఉంటే వారికి మరో 4 బ్యాచీలు. మొత్తం 44 రోజులు. ఒక్కో విభాగం నుండి నలుగురైదుగురిని తీసుకుంటే యంత్రాలు ఆగవు. రాత్రి షిఫ్టు ముగించి నిద్రమత్తులో ఉన్నవారిని కూర్చోబెడితే ఫలితం ఉండదు. వారికి షిఫ్టు మొదట్లోనే చెప్పాలి. కొత్తగా చేరినవారిని మాత్రం బ్యాచి వచ్చేదాకా ఆపకూడదు, యంత్రం ముట్టుకోకముందే నేర్పాలి.

టాలీ: బ్యాంకులో రెండు పుస్తకాలు సరిపోల్చకుండా ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు. ఇక్కడా అంతే. ఆ 1,200లో 800 మంది కంపెనీవారు, 400 మంది కాంట్రాక్టువారు అనుకోండి. శిక్షణ రిజిస్టరును కంపెనీ మస్టరుతోనే సరిచూస్తే 800కు 800 సరిపోతుంది, ఆ 400 మంది ఎక్కడా కనిపించరు. అందుకే గేటు పుస్తకంతో సరిచూడాలి. లోపలికి వచ్చిన ప్రతి తల లెక్కలోకి రావాలి.

భాష: సంతకం పెట్టినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. మా హోసూరు ప్రాంతంలో తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడేవారితోపాటు ఒడియా, హిందీ వారూ పనిచేస్తున్నారు. వారికి వారి భాషలో చెప్పి, తరువాత చేయించి చూడాలి. రిపేరుకు ముందు మెయిన్ స్విచ్చి ఆపి, తాళం వేసి, చీటీ కట్టడం. మంటలార్పే సిలిండరు పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టడం - ఇవి చేతికి రావాలి.

ఇంజనీరింగు, సైన్సు చదివినవారు పారిశ్రామిక భద్రతలో డిప్లొమా చేయవచ్చు. కామర్సువారికి ఈ టాలీ పని ఉంది. ఇక పిల్లల్ని కాంట్రాక్టు పనికి పంపే తల్లిదండ్రులు కూలి ఎంత అని అడిగే ముందు, శిక్షణ ఏ రోజు, ఏ భాషలో అని అడగండి.