నడివయస్సులో కలుగు కలవరము

ద్వారకలో కాపురముండు ఒక తెలుగు గృహిణిని ఊహించుకొనుడి. వయస్సు 45 సంవత్సరములు. ఇరువది యేండ్లుగా ఢిల్లీ చలిని, మే నెల వడగాడ్పులను సహించినది. మెట్రోలో నోయిడా వరకు ఒంటరిగా పోయి రాగలదు. అట్టి స్త్రీ ఈ యేడు రాజీవ్ చౌక్ స్టేషనులో, జనసమూహము మధ్య, గుండె దడదడ కొట్టుకొనగా గోడనానుకొని నిలిచిపోయినది. రాత్రి మూడు గంటలకు ఒళ్లంతయు చెమటపట్టి మెలకువ వచ్చును. తరువాత నిద్ర రాదు. పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోవును. చిన్న మాటకు కన్నీరు, మరుక్షణమున కోపము. “నాకు మతి చలించుచున్నదేమో” అని లోలోపల భయపడునే గాని ఎవరితోను చెప్పదు.

ప్రియ సోదరీ, ఇది నీ కథయైనయెడల, నీకు మతి చలించుట లేదని మొదటనే తెలిసికొనుము.

శారా వృత్తాంతములో ‘స్త్రీధర్మము’ అను మాటను మనమందరము చదివియున్నాము. అది నిలిచిపోవుట ఒక్క దినమున జరుగు పని కాదు. వరుసగా 12 నెలలు బహిష్టు రానప్పుడు ముట్లుడిగినవని వైద్యులు నిర్ణయింతురు. పాశ్చాత్య దేశములలో ఇది సగటున 51వ యేట జరుగగా, మన దేశ స్త్రీలకు 46, 47 యేండ్లకే జరుగుచున్నది. దీనికి ముందు కొన్ని సంవత్సరములు సంధికాలము. కలవరము ఎక్కువగా ఈ సంధికాలములోనే పుట్టును; అప్పటికి నెలసరి పూర్తిగా ఆగదు గనుక అసలు కారణము ఎవరికిని తట్టదు.

ఈ కాలములో ఈస్ట్రోజన్ అను హార్మోను క్రమముగా తగ్గునని అనేకులు తలంతురు. నిజమునకు అది ఒక నెల మిక్కిలి పెరిగి, మరియొక నెల పడిపోవును. మనస్సును నిలకడగా నుంచు సెరటోనిన్ పని దీనితో ముడిపడియున్నది. ప్రొజెస్టిరోన్ నుండి పుట్టు ఒక పదార్థము మెదడును శాంతపరచును, అదియు తగ్గును. వీటికి తోడు రాత్రి చెమటలు నిద్రను చెడగొట్టును. నిద్రలేని మనస్సుకు చీమంత భయము కొండంతగా కనబడుట వింత కాదు. పూర్వము కాన్పు తరువాతనో, మరియొకప్పుడో మనోవ్యాకులత అనుభవించినవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

మతిమరుపును గూర్చి ఒక మాట. అమెరికాలో 2,362 మంది స్త్రీలను నాలుగు సంవత్సరములు పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనములో, ఈ సంధికాలమున క్రొత్త విషయము నేర్చుకొను శక్తి కొంత మందగించినట్లును, అది దాటిన తరువాత తిరిగి వచ్చినట్లును కనబడెను. పాలు పొంగిపోయినందుకు వృద్ధాప్యపు మతిభ్రమ ఆరంభమైనదని దిగులుపడ నక్కరలేదు.

మన తెలుగు స్త్రీల విషయములో ప్రత్యేకముగా చెప్పవలసినది మరియొకటి యున్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 యేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొనినవారు దేశమంతటిలో నూటికి ముగ్గురు కాగా, తెలంగాణలో దాదాపు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. సెలవులకు స్వగ్రామము వెళ్లినప్పుడు ఆపరేషను చేయించుకొని ఢిల్లీకి తిరిగి వచ్చినవారు మనలోను ఉందురు. అట్టివారికి నెలసరి లెక్క ఉండదు; సంధికాలము వచ్చిన గుర్తే తెలియదు. గర్భసంచితో పాటు అండాశయములను కూడ తీసివేసియుంటే, సంవత్సరములు పట్టవలసిన మార్పు కొద్ది దినములలో మీదపడును. నీ ఆపరేషనులో ఏమి తీసిరో నీకు తెలియునా? ఆ కాగితములు వెదకి డాక్టరుకు చూపుము.

ఊరిలోనైతే తల్లియో పెద్దమ్మయో “మాకును ఇట్లే అయినదమ్మా” అని చెప్పుదురు. ఢిల్లీలో ఆ మాట చెప్పువారెవరు? ఆసుపత్రిలో హిందీ చాలక కుమారుని వెంట తీసికొనిపోవుదురు. బహిష్టు సంగతి కుమారుని నోట చెప్పించుట కంటె ఊరకుండుటే మేలనుకొందురు. కావున ముందుగా వ్రాసికొనుము. గోడకు వ్రేలాడు కేలండరు చాలును: నెలసరి తేదీ, మెలకువ వచ్చిన రాత్రి, ఆవిరులు, దడ. మన ‘గాబరా’ హిందీవారి ‘ఘబ్‌రాహట్’కు దగ్గరి మాటే, ఆ ఒక్క మాటతోనైనను డాక్టరు గ్రహించును.

ప్రతి దడకును ఇదే కారణమని తీర్మానించుకొనరాదు. 2019-21 సర్వేలో 15-49 యేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడెను; దానివలనను, థైరాయిడ్ దోషమువలనను ఇట్టి లక్షణములే కలుగును. రెంటికిని రక్తపరీక్ష చేయింపవలెను. ఛాతీనొప్పియో ఆయాసమో ఉన్నయెడల ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. రక్తస్రావము మిక్కుటమైనను, ముట్లుడిగిన పిమ్మట తిరిగి కనబడినను తప్పక చూపించుకొనవలెను.

చికిత్స యున్నది. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన వలన హార్మోను మందులన్న స్త్రీలు భయపడిరి. అయితే ఆ పరిశోధనలో పాల్గొనినవారి సగటు వయస్సు 63. అరువది లోపు వయస్సు గలవారికి, రొమ్ము కేన్సరు, రక్తము గడ్డకట్టుట వంటి అడ్డంకులు లేనియెడల, ఆవిరుల బాధకు ఆ మందులవలన నష్టము కంటె మేలే ఎక్కువని ఇప్పటి వైద్యుల అభిప్రాయము. మానసిక వైద్యులిచ్చు మాత్రలును, భయపు తలంపులను సరిదిద్దుకొను శిక్షణయును కొందరికి ఉపకరించును. ప్రతిదినము నడచుట మంచిది; నవంబరు పొగమంచులో మాత్రము ఇంటిలోనే వ్యాయామము చేయవలెను. సాయంత్రపు టీ మానినచో నిద్రకు మేలు.

“విశ్వాసము చాలకనే ఈ దిగులు” అని కొందరు అందురు. చెప్పువారు మంచి మనస్సుతోనే చెప్పుదురు గాని, ఆ మాట విన్న స్త్రీ దిగులుతో పాటు అపరాధభారమును కూడ ఇంటికి మోసికొనిపోవును. మధుమేహమునకు మాత్ర మ్రింగుట అవిశ్వాసము కానప్పుడు ఇది ఎట్లగును? ప్రార్థించుము, డాక్టరును కూడ చూడుము.

భర్తలారా, “ఈమెకు కోపమెక్కువైనది” అని బంధువుల యెదుట పరిహసింపకుడి. ఆసుపత్రికి వెంట వెళ్లుడి, రాత్రి పంఖా వేయనిండు.

బ్రదుకు వద్దనిపించు తలంపు వచ్చినయెడల ఒక్క దినమైనను దాచవద్దు. ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. పగలు రాత్రి పనిచేయు ఉచిత సేవ యిది. తెలుగులో మాటలాడుటకును వీలున్నది.