రాహుపదార్థ విచారము – బుద్ధికల్పన, వస్తుసత్త

శాస్త్రపాఠశాలలలో 'రాహువు యొక్క శిరస్సు' అను ఉదాహరణము ప్రసిద్ధము. పురాణకథ ననుసరించి రాహువనగా శిరస్సే. శిరస్సు కంటె వేరుగా రాహువు లేడు. అయినను షష్ఠీవిభక్తిని చేర్చి 'రాహువు యొక్క శిరస్సు' అని వ్యవహరించుచున్నాము. వస్తువునందు లేని భేదమును మాట కల్పించినది. ఇట్లు శబ్దమును వెన్నంటి పుట్టి, తగిన వస్తువు లేకయే నిలుచు జ్ఞానమును పతంజలి యోగసూత్రములలో వికల్పమని పేర్కొని, విపర్యయము కంటె వేరుగా పరిగణించెను. ముత్యపుచిప్పను వెండి యనుకొనుట విపర్యయము. దగ్గరకు పోయి చూచినచో అది తొలగును. వికల్పము అట్లు తొలగదు. తత్త్వము తెలిసినవాడును ఆ మాటనే వాడుచుండును.

ప్రకృతిశాస్త్రములను అభ్యసించువారికి ఈ వివేకము మిక్కిలి అవసరము. శాస్త్రము వస్తువులను గూర్చినదే యైనను, అది నడచునది భావముల తోడనే. అందు వృత్తములు, రేఖలు, బిందువులు, కేంద్రములు అడుగడుగున వచ్చును. వీనిలో ఏది బుద్ధిలోనిది, ఏది వెలుపల నున్నది అని తెలియనివాడు శాస్త్రమును వల్లించునే కాని గ్రహింపడు. ఆ రాహువునే ఉదాహరణముగా తీసికొని ఈ విషయమును విచారింపవచ్చును. దేవతారూపమున రాహువు నారాధించుట వేరు విషయము. గణితశాస్త్రమందలి రాహువే ఇచ్చట విచార్యము.

గ్రహణమునకు కారణము ఛాయయే యని ఆర్యభటుడు 499వ సంవత్సరమున రచించిన ఆర్యభటీయమందు చెప్పెను. భూచ్ఛాయలో చంద్రుడు ప్రవేశించుట చంద్రగ్రహణము. చంద్రుడు సూర్యుని కప్పుట సూర్యగ్రహణము. వరాహమిహిరుడు బృహత్సంహితయందు ఈ మతమునే గ్రహించి, చంద్రగ్రహణము చంద్రబింబమునకు తూర్పువైపునను, సూర్యగ్రహణము సూర్యబింబమునకు పడమటివైపునను మొదలగుటకు ఇదియే ఉపపత్తి యని చూపెను. చంద్రుడు పడమటి నుండి తూర్పునకు నడచును గనుక ఆతని తూర్పు అంచే ముందు ఛాయను తాకును. ఆ తూర్పు అంచే సూర్యుని పడమటి అంచును ముందు కప్పును. 628వ సంవత్సరమున బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు రాహువును నిరాకరించువారిని శ్రుతిస్మృతివిరోధము పేర ఆక్షేపించెను. గణితము మాత్రము ఛాయ ననుసరించియే చేసెను.

ఛాయయే కారణమైనచో గణితగ్రంథములలో రాహువెందులకు? సూర్యుడు చరించునట్లు కనబడు మార్గము క్రాంతివృత్తము. చంద్రుని మార్గము దానికి కొంచెము వాలియుండును. ఈ రెండు వృత్తములు రెండు తావుల ఖండించుకొనును. ఆ ఖండనబిందువులకు పాతములని పేరు. ఒకటి రాహువు, రెండవది కేతువు. పూర్ణిమయందు గాని అమావాస్యయందు గాని చంద్రుడు పాతసమీపమున నున్నప్పుడే గ్రహణము సంభవించును. దూరముగా నున్నచో ఛాయకు పైగానో క్రిందుగానో తప్పుకొని పోవును. ప్రతి పూర్ణిమకు గ్రహణము రాకుండుటకు ఇదియే హేతువు. పాతములు వక్రగతితో సుమారు 18.6 సంవత్సరములకు ఒక చుట్టు తిరుగును. సూర్యసిద్ధాంతము మహాయుగమందలి 43,20,000 సంవత్సరములలో రాహుభగణములు 2,32,238 అని చెప్పినది. భాగించి చూచినచో ఆ 18.6 సంవత్సరములే వచ్చును.

ఇచ్చట సంశయము కలుగును. ఆకాశమున ఆ బిందువు కడకు పోయి చూచినచో ఏమియు నుండదు. రాయి లేదు, వాయువు లేదు, గుర్తు లేదు. కావున రాహువు శశశృంగమువలె అసత్తే యని ఒక పక్షము. గతియు భగణసంఖ్యయు చెప్పబడుటచే కుజబుధాదులవలె ద్రవ్యమే యని రెండవ పక్షము. శాస్త్రమంతయు ఇట్టి కల్పనలే గనుక బుద్ధికి వెలుపల తెలియదగిన వస్తువే లేదని మూడవ పక్షము.

మొదటి పక్షము చెల్లదు. కుందేటికొమ్మును లెక్కించి ఎవడును ఏ ఫలమును ముందుగా చెప్పజాలడు. రాహుగణితముచే గ్రహణకాలమును చెప్పవచ్చును. రెండవది యును చెల్లదు. ద్రవ్యమునకు గుణాశ్రయత్వము లక్షణము; పాతమున రూపస్పర్శాదులు లేవు. ఆంధ్రుడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు తర్కసంగ్రహమున దిక్కు ఒక్కటే యని చెప్పెను. తూర్పు, పడమర అను భేదము సూర్యోదయాది ఉపాధులవలన వచ్చినది. తూర్పు అను వస్తువును ఎవరును చేత పట్టలేదు. అంతమాత్రమున తూర్పునకు పోవువాడు ఊరు చేరకపోడు. పాతమును అట్టిదే. చంద్రుడు సత్యము, ఆతని గతి సత్యము, ఆ గతియందలి వాలు సత్యము. ఆ వాలును లెక్కించుటకు బుద్ధి ఏర్పరచుకొన్న బిందువు ఔపాధికము. అది అసత్తు కాదు, ద్రవ్యమును కాదు.

మూడవ పక్షము గంభీరమైనది. దీనికి పాశ్చాత్య జ్యోతిశ్శాస్త్రమునుండి ఒక దృష్టాంతము లభించుచున్నది. యురేనస్ గ్రహగతియందలి తేడాను చూచి, దానిని లాగుచున్న అదృష్టగ్రహ మొకటి యుండవలెనని ఫ్రాన్సు దేశీయుడు లెవెరియే గణించెను. 1846 సెప్టెంబరు 23న బెర్లిను వేధశాలలో గాలె దూరదర్శినితో చూడగా నెప్ట్యూన్ కనబడెను. ఆ లెవెరియేయే బుధగ్రహగతియందలి తేడాను చూచి, సూర్యసమీపమున మరియొక గ్రహము కలదని 1859లో ఊహించెను. దానికి వల్కన్ అని పేరును పెట్టిరి. గ్రహణసమయములందును వెదకిరి. అది లేదు. శతాబ్దికి 43 వికలల ఆ తేడాకు 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణసిద్ధాంతము వేరొక కారణమును చూపెను. గణించినవాడొక్కడే, అనుమానరీతి యొక్కటే. ఒకచోట వస్తువు దొరకినది, ఒకచోట దొరకలేదు. 'గతిభేద మున్నచోట అదృష్టగ్రహ ముండును' అను వ్యాప్తి బుధునియందు వ్యభిచరించినది. బుద్ధియే వస్తువును సృజించునదైనచో వల్కన్ కూడ కనబడవలసియుండెను. బుద్ధిని కాదనగల దొకటి వెలుపల నున్నదనుటకు ఇంతకంటె ప్రమాణ మేమి కావలెను?

దీనికి విపరీతమైన దృష్టాంతమును కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ మైనప్పుడు ఫ్రెంచి పండితుడు జాన్సెన్ మన గుంటూరు నుండి సూర్యుని అంచునందలి జ్వాలలను వర్ణపటదర్శినితో పరీక్షించెను. ఆ యేడే ఇంగ్లండున లాకియర్ సూర్యజ్వాలల కాంతియందలి ఒక పసుపురేఖను పరిశీలించెను. అది భూమిపై ఎరిగిన ఏ మూలకమునకును చెందదని తలచి, దాని మూలకమునకు హీలియమని పేరిడిరి. అప్పటికి అది రేఖ ననుసరించి యూహించిన పేరు మాత్రమే. 1895లో రామ్సే ఒక ఖనిజమునుండి దానిని రాబట్టిన పిదప అది చేతికందిన వస్తువైనది.

రాహువు, వల్కన్, హీలియము మూడును మొదట బుద్ధిలోనివే. రాహువు ఔపాధికముగనే నిలిచినది, వల్కన్ తొలగినది, హీలియము వస్తువైనది. ఈ భేదమును నిర్ణయించినది తర్కచాతుర్యము కాదు, పరీక్ష.

మన సిద్ధాంతగ్రంథములకును ఈ న్యాయమే వర్తించును. చంద్రుని పరమవిక్షేపమును సూర్యసిద్ధాంతము 270 కలలుగా చెప్పినది. ఇప్పటి పరిశీలనచే అది సుమారు 309 కలలు. పాతసమీపమున ఈ తేడా స్వల్పమే యైనను, స్పర్శమాత్రమగు గ్రహణము కలదో లేదో నిర్ణయించుటకు ఆ స్వల్పమే ప్రధానము. కేరళీయుడగు పరమేశ్వరుడు అనేక సంవత్సరములు గ్రహణములను స్వయముగా పరిశీలించి 1431లో దృగ్గణితమును రచించెను. గణితము దృక్కుతో కలియనప్పుడు గణితమునే సవరింపవలెనని నీలకంఠ సోమయాజి జ్యోతిర్మీమాంసయందు ప్రతిపాదించెను. ఇది పూర్వాచార్యులకు అపచారము కాదు. వారును చూచియే చెప్పిరి గనుక చూచి సవరించువాడే వారి మార్గమున నడచినవాడు.

కావున శాస్త్రమందు క్రొత్తపదము ఎదురైనప్పుడు విద్యార్థి ఇది వట్టి పేరా, ఔపాధికమా, వస్తువా అని మొదట ప్రశ్నింపవలెను. ఔపాధికమును వస్తువనుకొన్నవాడు లేనిదానిని వెదకును. అసత్తని త్రోసివేసినవాడు గ్రహణకాలమును చెప్పజాలడు. రాహువు బుద్ధిలోనిది, నేలపై పడు నీడ బుద్ధిలోనిది కాదు. ఈ రెంటిని వేరుచేసి, రెంటిని విడువక నిలుపుకొనుటయే శాస్త్రజ్ఞానము.