ఊరికే దొరికిన కోడు ఎవరిది?

ప్రాజెక్టు చేసే విద్యార్థి ఎవరైనా, ఎక్కడో ఒకచోట ఇతరులు రాసిపెట్టిన ఓపెన్ సోర్స్ కోడు వాడుకోక తప్పదు. అందులో తప్పేమీ లేదు, వాడుకోమనే పెట్టారు. కాని అదే కోడు పెట్టి రేపొక సరుకు తయారుచేసి అమ్మితే? "డబ్బివ్వకుండా దొరికిందిగదా, అడిగేవాడెవడు?" అనేవాళ్ళున్నారు. సరిగ్గా ఈ ప్రశ్నే అమెరికాలో కోర్టుకెక్కింది.

రాబర్ట్ జేకబ్సన్ బర్క్‌లీలో భౌతికశాస్త్ర ఆచార్యులు. ఆయనకు బొమ్మ రైళ్ళ సరదా. ఆయనా, మరికొందరు ఔత్సాహికులూ కలిసి ఆ రైళ్ళను కంప్యూటరుతో నడిపే ప్రోగ్రాము రాసి, "ఆర్టిస్టిక్ లైసెన్సు" కింద ఉచితంగా ఇచ్చారు. షరతులు బరువైనవేం కావు. రాసినవారి పేర్లు, కాపీరైట్ ప్రకటన ఉంచాలి. ఏమైనా మారిస్తే ఏం మార్చారో చెప్పాలి. మాథ్యూ కాట్జర్ అనే ఆయన కంపెనీ అందులోని ఫైళ్ళు కొన్ని తీసుకుని తన సరుకులో కలుపుకుంది. పేర్లు తీసేసింది.

2007లో కింది కోర్టు, ఇది ఒప్పందం మీరడమేగాని కాపీరైట్ ఉల్లంఘన కాదన్నది. ఈ తేడా చిన్నది కాదు, కాస్త నిదానించి చూడాలి. ఒప్పందం మీరితే సాధారణంగా దక్కేది నష్టపరిహారం. ఊరికే ఇచ్చినదానికి నష్టం ఎంతని లెక్కగడతారు? కాపీరైట్ ఉల్లంఘన అయితే ఆ సరుకు అమ్మకాన్నే ఆపమని అడగవచ్చు. 2008 ఆగస్టులో అప్పీలు కోర్టు కింది తీర్పును కొట్టివేసింది. డబ్బు చేతులు మారకపోయినా రాసినవాడికి లాభం ఉంటుంది, ఆ షరతులు పాటిస్తేనే అనుమతి, అన్నది. 2010లో రాజీ కుదిరింది.

మా పల్లెల్లో వెనక విత్తనాలు నాగుకిచ్చేవారు. రూపాయి ఇవ్వలేదుగనక తిరిగి కొలవక్కర్లేదంటే ఏ రైతు ఒప్పుకుంటాడు?

మన దేశంలోనూ 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నేడు కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచన కిందే లెక్క.

ఇక లైసెన్సులన్నీ ఒక్కటి కావు. ఎం.ఐ.టి., బి.ఎస్.డి. రకాలకు కాపీరైట్ ప్రకటన, లైసెన్సు పాఠం ఉంచితే చాలు. జి.పి.ఎల్. గట్టిది. అమ్ముకోవద్దని అది ఎక్కడా అనదు (ఇక్కడే చాలామంది పొరబడతారు). ఆ కోడు కలిపిన సరుకు ఎవరి చేతికిచ్చావో వారికి సోర్సు కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలంటుంది. లింక్‌సిస్ రూటర్లలో లినక్స్ ఉందని తేలాక, 2003లో ఆ సోర్సు బయటపెట్టవలసి వచ్చింది. మరికొన్ని లింక్‌సిస్ సరుకుల విషయంలో దాని అప్పటి యజమాని సిస్కో మీద 2008లో దావా పడి, 2009లో రాజీ అయింది. చిత్రమేమిటంటే, బయటపెట్టిన ఆ సోర్సు నుంచే ఓపెన్‌వర్ట్ అనే మంచి ప్రోగ్రాము పుట్టింది.

అసలు లైసెన్సే లేని కోడు కంటబడితే? అది అందరిదీ అనుకోకండి. అన్ని హక్కులూ రాసినవాడివే. అమ్మే సరుకులో పెట్టాలంటే ఆయనకు ఉత్తరం రాసి అడగవలసిందే.