చేని నడుమ ఇల్లు: పంచాయతీ తెలిసికొనవలసిన సంగతులు

గ్రామకంఠములో పాత ఇల్లు విప్పి కొత్త ఇల్లు కట్టుకొనువారికి అనుమతి నిచ్చుట పంచాయతీ సభ్యులకు అలవాటైన పనియే. ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరమున, చుట్టును పత్తిచేలుండగా, నడుమ ఒక మేడ కట్టెదనని నక్ష పట్టుకొని వచ్చినవాని సంగతి వేరు. అట్టి దరఖాస్తులు నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో వచ్చుచున్నవి. కారణములు మాత్రము ఒక్కటి కావు. జనగామ హైదరాబాదు–వరంగల్లు రహదారిపై నున్నందున నగరవాసులు అచట తోట ఇండ్లు కోరుచున్నారు. మహబూబాబాద్ తండాలలో, పెరిగిన కుటుంబములకు చోటు చాలక కుమారులు చేలలోనికి తరలుచున్నారు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము వలన అయిదువందలు పైబడిన జనాభాగల తండాలు పంచాయతీలైనవి గాని, ఇండ్ల స్థలములు పెరుగలేదు. భూపాలపల్లిలో అడవి అంచున, వాగుల గట్లపై ఇండ్లు లేచుచున్నవి.

ఇంగ్లండులో ఊళ్ళకు దూరముగా బయలు పొలములలో ఇల్లు కట్టుట సాధారణముగా నిషిద్ధము. అయినను 1997లో ఒక మినహాయింపు కల్పించిరి: శిల్పమున అసాధారణమైన గృహమైనచో అనుమతి నీయవచ్చునని. పొలమున కాపురముండక తప్పని వ్యవసాయ కార్మికునకును అచట వేరుగా వెసులుబాటు కలదు. మన చట్టములో అందమునకు మినహాయింపు లేదు. నక్ష ఎంత ముచ్చటగా నున్నను, మొదట చూడవలసినది భూమి ఏ తరగతికి చెందినదన్న సంగతియే.

పట్టా భూమియైనను అది సాగుభూమి యైనచో, 2006 నాటి భూవినియోగ మార్పిడి చట్టము ననుసరించి రుసుము చెల్లించి వ్యవసాయేతర భూమిగా మార్పించుకొనవలెను. ఇది రెవెన్యూ శాఖ చేయవలసిన పని. పంచాయతీ తీర్మానము దానికి బదులు కాజాలదు. మార్పిడి లేక కట్టినవారు రుసుముతో పాటు అందులో సగము జరిమానాగా చెల్లింపవలసి వచ్చును. ఇచట రైతులకు ఒక మాట చెప్పుట మేలు. నాలుగెకరముల ఆసామి నాలుగెకరములను మార్పింపనక్కరలేదు. ఇంటికి, వాకిలికి, పశువుల కొట్టమునకు కావలసిన గుంటలు చాలును. మార్చిన మేరకు రైతు భరోసా సాయము రాదు గనుక ఎక్కువ మార్చుట నష్టమే.

కొన్ని భూములలో రుసుము చెల్లించినను దారి లేదు. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమిని కొనుట 1977 చట్టము ప్రకారము చెల్లదు. కొన్నవాడు చూపు కాగితమును నమ్మి అనుమతి నీయరాదు. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ ప్రాంతములలో 1959 నాటి ఒకటవ నిబంధన, దానికి 1970లో జరిగిన సవరణ వర్తించును. అచట భూమి గిరిజనులకు తప్ప అన్యులకు బదిలీ కారాదు. అటవీ హక్కుల పత్రము పొందిన భూమి వారసులకు సంక్రమించును గాని, అమ్మకమునకు వీలులేదు.

చెరువు శిఖము మాటకు వత్తము. ఎండకాలమున నీరు లేనపుడు శిఖము చదునైన మంచి స్థలముగా కనబడును. వాగు ఒడ్డును అంతే. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి సమీపమున మోరంచపల్లిని ముంచెత్తినపుడు జనులు మేడలపైకెక్కి ప్రాణములు కాపాడుకొనిరి. వారిని రక్షించుటకు హెలికాప్టర్లు రావలసి వచ్చెను. అది పదిమంది కలసి యున్న ఊరు. అట్టి రాత్రి చేని నడుమ ఒంటరిగా నున్న ఇంటివాని కేక ఎవరికి వినవచ్చును? కావున వాగు సమీపమున స్థలమైనచో దరఖాస్తుదారుని మాటతో సరిపెట్టక, ఊరిలోని వృద్ధులను వెంటబెట్టుకొని పోయి వరదనీరు ఎంతవరకు వచ్చెనో అడిగి చూడవలెను. చెరువు నిండుమట్టపు హద్దు నీటిపారుదల శాఖవారి వద్ద నుండును. దానిని వ్రాతలో తెప్పించుకొనవలెను.

ఇక దారి. ఇతరుల గెట్ల మీదుగా బండి పోవుట వేరు, ఇంటికి నిత్యము నడుచు దారి వేరు. ఇల్లు లేచిన పిదప పక్క రైతు గెటు దున్నివేసినచో తగవు పంచాయతీ గడపకే వచ్చును. మిషన్ భగీరథ గొట్టము అంతదూరము వేయలేమని, కరెంటు స్తంభముల ఖర్చు యజమానియే భరింపవలసి వచ్చునని ముందే చెప్పుట మంచిది. మురుగునీటికి ఇంకుడుగుంత నక్షలో ఉన్నదో లేదో చూడవలెను.

రైతు తన చేనిలో కట్టుకొను ఇంటిని, అయిదెకరములు ముక్కలుగా కోసి ఫామ్ ప్లాట్లని అమ్మువాని పనిని ఒకే త్రాసున తూచరాదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. దారులు తీసి, రాళ్ళు పాతి, ముక్కలమ్మునది ఇల్లు కాదు, లేఅవుటు. దానికి పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖవారి సాంకేతిక అనుమతి కావలెను. అందు ఒక్క ప్లాటువానికి ఇంటి అనుమతి ఇచ్చినచో మిగిలినవారందరు అదే కాగితమును చూపెదరు.

దరఖాస్తును తిరస్కరింపవలసి వచ్చినచో కారణమును వ్రాతపూర్వకముగా తెలుపవలెను. మార్పిడి ఉత్తర్వు లేకపోవుట, దారి హక్కు తేలకపోవుట వంటివి సవరింపదగిన లోపములు. వాటిని సరిచేసికొని అతడు మరల రావచ్చును.